ఇంటికొచ్చే ఫైబర్ దారి ఎవరిది: కంపెనీదా, కరెంటోళ్ళదా, మునిసిపాలిటీదా?

శివారు_కాలనీ (హైదరాబాద్)

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే సిటీ అంతా స్తంభాల మీది కేబుళ్ళు కోసిపారేశారు. ఎయిర్‌టెల్ హైకోర్టుకెళ్ళింది. పర్మిషన్ లేని కేబుళ్ళు స్తంభాల మీద ఉండటానికి వీల్లేదని కోర్టు గట్టిగానే చెప్పింది. ఇదంతా పేపర్లో చదివిందే.

కోసినవాళ్ళను తిట్టడానికి ఈ థ్రెడ్ పెట్టలేదు. ప్రాణాలు పోయాక ఎవరైనా అదే చేస్తారు. నన్ను తొలిచేస్తున్నది వేరే. మా వీధిలో కోసిన కేబుళ్ళ స్థానంలో కొత్తవి అదే స్తంభం మీదకు, అదే ఎత్తులో, అదే చుట్టలతో మళ్ళీ ఎక్కాయి. నేలమీద పడ్డ పాత ముక్కలు ఇంకా కాలవ పక్కనే ఉన్నాయి. నేను వాడే కంపెనీ (పేరెందుకులెండి) వాళ్ళ కాల్ సెంటర్ అమ్మాయి "మీ ఏరియాలో అప్‌గ్రేడ్ జరుగుతోంది సార్" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటికి నీళ్ళ పైపు ఒక్కటే వస్తుంది. నెట్‌కు మాత్రం మా వీధిలోకి ఐదు కంపెనీలు ఐదు కేబుళ్ళు లాక్కొచ్చాయి. ఆ దారిని మునిసిపాలిటీయే ఒకసారి వేసి అందరికీ అద్దెకిస్తే ఏం పోతుంది? ఎక్కడైనా అలా చేశారా? రూల్స్ ఒప్పుకుంటాయా? తెలిసినవాళ్ళు చెప్పండి. రాజకీయాలు వద్దు.

ఎల్‌సీ_తీసుకున్నా

అన్నా, నేను లైన్‌మన్‌ని. ఏ ఊరో చెప్పను. కింద నుంచి చూసేవాళ్ళకు అది చిందరవందరగా కనబడుతుంది, అంతే. పైకెక్కేవాడికి అది ఏంటో చెప్తా.

ఎల్‌టీ స్తంభం, అంటే ఇళ్ళకు కరెంటిచ్చే లైను స్తంభం, ఎనిమిది మీటర్లు ఉంటుంది. నిచ్చెన వేద్దామంటే ఆనించడానికి చోటుండదు, సరిగ్గా నిచ్చెన తల తగిలేచోటే కేబుల్ చుట్టలు వేలాడుతుంటాయి. బెల్టు స్తంభం చుట్టూ తిప్పాలంటే ఒక చేత్తో కేబుళ్ళ గుత్తి పక్కకు నెట్టాలి. రెండో చేత్తో పట్టుకుని ఉండాలి. మరి పని ఏ చేత్తో చేయాలి?

ఫైబర్‌లో ఉండేది గాజే, దానికి కరెంటు పారదు. ఆ మాట కంపెనీవాళ్ళు ప్రతిసారీ చెప్తారు. కానీ స్తంభం నుంచి ఇంటికి లాగే డ్రాప్ కేబుళ్ళలో చాలావాటికి పక్కనే బరువు మోయడానికి స్టీలు తీగ ఉంటుంది. అది లాగి కట్టేది మా క్లాంపుకే. ఎక్కడో ఒక ఇంటి సర్వీస్ వైరు తోలు ఊడి ఆ తీగకు ఆనితే వీధి పొడుగునా కరెంటే. పాత టీవీ కోయాక్స్ ఇంకా ఘోరం. దాని మధ్యలో నోడ్ (సిగ్నల్ పెంచే పెట్టె) పెడతారు, దానికి కరెంటు ఎవరో ఒకరి ఇంట్లోంచి లాగుతారు. మేం ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, ఫీడర్ ఆపుకుని ఎక్కుతాం. ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఆన్ అయి ఉంటుంది!

ఇంకోటి. కనెక్షన్ మానేస్తే కేబుల్ తీయడానికి ఎవడూ రాడు. కొత్త కంపెనీ కొత్తది లాగుతుంది. స్తంభం మీద ఉన్నవాటిలో చచ్చినవి ఎన్నో, బతికున్నవి ఎన్నో పైకెక్కినా చెప్పలేం. అందుకే కోసేటప్పుడు అన్నీ కలిపి కోసేస్తారు.

ఫ్లాట్_504

పైన పోస్టు చదివాక మా అపార్ట్‌మెంట్ ముందున్న స్తంభం వైపు చూడబుద్ధి కావట్లేదు.

రూల్‌బుక్_రాణి (విజయవాడ)

శివారు_కాలనీ గారూ, మీరు అడిగినదానికి ముందు ఏది ఎవరిదో విడదీయాలి. స్తంభం డిస్కంది, అంటే కరెంటు పంపిణీ సంస్థది. రోడ్డు మునిసిపాలిటీది, లేదా ఆర్ అండ్ బీది, కొన్నిచోట్ల జాతీయ రహదారులవాళ్ళది. నెట్‌కు లైసెన్సు ఇచ్చేది ఢిల్లీలో టెలికాం శాఖ. టెలికాం రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోది కాబట్టి "మా ఊళ్ళో ఫలానా కంపెనీయే ఉండాలి, ఫలానా రేటుకే ఇవ్వాలి" అనే హక్కు మునిసిపాలిటీకి లేదు. దాని చేతిలో ఉన్నది నేల ఒక్కటే.

ఆ నేల విషయంలోనూ చేతులు కట్టేశారు. 2016 రైట్ ఆఫ్ వే (దారి హక్కు) రూల్స్‌లో, భూగర్భంలో కేబుల్ వేస్తామని దరఖాస్తు పెడితే ఆఫీసు ఖర్చుల కింద కిలోమీటరుకు వెయ్యి రూపాయలు మించి తీసుకోకూడదన్నారు. రోడ్డు బాగుచేసే ఖర్చు వేరే, దానికి బ్యాంకు గ్యారంటీ అడగొచ్చన్నారు. 60 రోజుల్లో అవునో కాదో చెప్పకపోతే ఇచ్చినట్టే లెక్కన్నారు. అంతకుముందు ఒక్కో కార్పొరేషన్ నోటికొచ్చిన రేటు చెప్పేది, అందుకే ఈ కళ్ళెం. 2022 ఆగస్టులో సవరణ వచ్చింది: వీధి స్తంభాల్లాంటి వాటి మీద కేబుల్ కడితే ఒక్కోదానికి ఏడాదికి వంద రూపాయలు. తర్వాత 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం, దాని కింద 2024 రైట్ ఆఫ్ వే రూల్స్. ఇవి 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. నెట్‌వర్క్‌ను ఆస్తి పన్ను లెక్కలోకి లాగకూడదని కూడా చట్టంలోనే రాశారు.

ఇక మీ అసలు ప్రశ్న. ఉమ్మడి డక్టులు (కేబుళ్ళు దూర్చే పైపులు), కేబుల్ కారిడార్లు వేసి ఎవరికైనా ఒకే షరతుల మీద ఇవ్వాలన్న ఆలోచన ఆ చట్టంలో ఉంది. కేంద్రం అందుకు ప్రాజెక్టులను ఎంచుకోవచ్చు. అంటే మీరు అడిగేది చట్టానికి విరుద్ధం కాదు, చట్టానికి ముందే తట్టింది. మునిసిపాలిటీ డక్టు వేసి ఊరుకోకుండా నెట్ కూడా తనే అమ్ముతానంటే మాత్రం అందరిలాగే టెలికాం శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలి. కేరళలో ప్రభుత్వ ఇంటర్నెట్ సంస్థ కే-ఫోన్ తీసుకుంది.

డిస్కం సంగతి ఒకటి ఎవరూ మాట్లాడరు. 2003 విద్యుత్ చట్టం 51వ సెక్షన్ ప్రకారం డిస్కం తన ఆస్తులతో వేరే వ్యాపారం చేసుకోవచ్చు, కానీ ఆ రాబడిలో కొంత భాగం వీలింగ్ చార్జీలు, అంటే తీగల మీద కరెంటు చేరవేసే చార్జీలు, తగ్గించడానికి వాడాలి. స్తంభానికి సరిగ్గా అద్దె వసూలైతే ఎంతో కొంత మన కరెంటు ఖర్చులో తగ్గాలి. ఉత్తినే వేలాడే ప్రతి కేబులూ ఆ లెక్కలో నష్టమే.

కేబుల్_అన్న (తెనాలి)

మేడమ్ రూల్స్ బాగా చెప్పారు. ఇప్పుడు నా గోడు వినండి. స్తంభం మీద చిక్కు కనబడితే అందరూ వేలు చూపించేది లోకల్ కేబులోళ్ళ వైపే. పెద్ద కంపెనీల పర్మిషన్ కాగితం ఢిల్లీ నుంచి వస్తుంది. నాకు ఎవరిస్తారు? నేను ఎవరో ఐఎస్పీ (ఇంటర్నెట్ కంపెనీ) కింద ఫ్రాంచైజీని. అప్లికేషన్ పెట్టాలంటే ఆ ఐఎస్పీ పేరు మీద పెట్టాలి. వాళ్ళకు మా ఊరు మ్యాప్ మీద చుక్క.

రాత్రి పదకొండింటికి మోడెమ్ మీద సిగ్నల్ లేదని చెప్పే ఎల్ఓఎస్ ఎర్ర లైటు వెలిగితే మీరు ఫోన్ చేసేది కాల్ సెంటర్‌కు కాదు, నాకే. వానలో పోగులు అతికించే స్ప్లైసింగ్ మెషీన్ మీద గొడుగు పట్టుకుని కూర్చునేది మా కుర్రాడు.

ఉమ్మడి దారి వేస్తానంటే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ ఏపీ ఫైబర్‌నెట్ కథ అందరం చూశాం కదా. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ గారు ప్రారంభించారు. నెట్, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలు. ఊరి దాకా ప్రభుత్వం తెస్తుంది, అక్కణ్ణుంచి ఇంటికి లోకల్ ఆపరేటరు ఇస్తాడు. పద్ధతి మంచిదే, ఇప్పటికీ అదే అంటా. తేడా కొట్టింది రేటు దగ్గర. 149 అన్నది వ్యాపారం లెక్కతో కట్టిన రేటు కాదు, వేదిక మీద ప్రకటించడానికి బాగుండే రేటు. అందులోనే బ్యాండ్‌విడ్త్, చానళ్ళ డబ్బులు, బాక్సు, ఆపరేటరు వాటా అన్నీ సర్దాలి. ఆ రేటు నిలబడలేదు. దారి వేసినవాడే కస్టమర్ రేటు కూడా ప్రకటిస్తే, మధ్యలో ఉన్న మేం ఎవరికి జవాబు చెప్పాలి?

చాటనూగా_చిన్నోడు (టెనెసీ)

"ఎక్కడైనా చేశారా" అన్నారు కాబట్టి వచ్చా. నేను ఉండే ఊళ్ళోనే చేశారు. మా ఇంటికి కరెంటు, ఇంటర్నెట్ రెండూ ఇచ్చేది ఒకే సంస్థ, ఈపీబీ. నగరం సొంత కరెంటు సంస్థ, 1935 నుంచి ఉంది.

వాళ్ళు మొదలుపెట్టింది జనాలకు నెట్ ఇద్దామని కాదు. స్తంభాల మీద తెలివైన స్విచ్‌లు పెట్టి, చెట్టు పడి లైను తెగితే ఆ ముక్క వరకే కరెంటు పోయేట్టు చేద్దామనుకున్నారు. ఆ స్విచ్‌లు మాట్లాడుకోవడానికి ఫైబర్ కావాలి. ఎలాగూ ప్రతి వీధికీ వేస్తున్నాం, ఇళ్ళకు కూడా ఇద్దామన్నారు. 2008 మాంద్యం తర్వాతి ఉద్దీపన నిధుల్లోంచి ఫెడరల్ ప్రభుత్వం 11.15 కోట్ల డాలర్లు ఇచ్చింది, మిగతాది అప్పు. 2010లో ఊరంతటికీ ఒక గిగాబిట్ ఇచ్చారు. అప్పటికి అమెరికాలో పెద్ద కంపెనీలు ఇంకా ఆ వేగం ఇవ్వడం లేదు. 2015లో పది గిగాబిట్లు, 2022లో ఇరవై ఐదు. కరోనా వచ్చాక పేద పిల్లల ఇళ్ళకు స్కూళ్ళతో కలిసి ఉచితంగా ఇచ్చారు.

కేబుల్ కంపెనీలు ఊరుకోలేదు, కోర్టులకెళ్ళాయి. అక్కడ గెలవకపోయినా రాష్ట్ర చట్టం వాళ్ళకు కలిసొచ్చింది: ఈపీబీ తన కరెంటు పరిధి దాటి నెట్ ఇవ్వకూడదు. సరిహద్దు అవతల పల్లెలవాళ్ళు మాకూ ఇవ్వండని అడిగినా ఇవ్వలేకపోయింది. 2015 ఫిబ్రవరిలో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ చట్టాన్ని పక్కన పెట్టింది. నార్త్ కరోలినాలో విల్సన్ అనే ఊరి గ్రీన్‌లైట్ నెట్‌వర్క్‌కు కూడా అదే ఆర్డరులో ఊరట. 2016 ఆగస్టులో ఆరో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు, రాష్ట్ర చట్టాన్ని తోసేసే అధికారం ఎఫ్‌సీసీకి లేదని కొట్టేసింది. రోడ్డుకి ఇవతల గిగాబిట్, అవతల డయలప్ లాంటి కనెక్షన్. అడ్డుపడ్డది సాంకేతికం కాదు, చట్టం.

పన్ను_కట్టేవాడు

చాటనూగా పేరు ప్రతి ప్రెజెంటేషన్‌లోనూ వస్తుంది. ప్రోవో పేరు ఎందుకు రాదో?

యూటాలో ప్రోవో నగరం 2004 ప్రాంతంలో అప్పు చేసి ఊరంతా ఫైబర్ వేసింది. దాదాపు నాలుగు కోట్ల డాలర్లు. నడపలేకపోయింది. 2013లో మొత్తం నెట్‌వర్క్‌ను గూగుల్‌కు ఒక్క డాలరుకు ఇచ్చేసింది. అవును, ఒక్క డాలరు. అప్పు మాత్రం జనం మెడకే చుట్టుకుంది. కరెంటు బిల్లులో నెలకు 5.35 డాలర్లు, నెట్ వాడినా వాడకపోయినా. వెర్మాంట్‌లో బర్లింగ్‌టన్ నగరం తన బర్లింగ్‌టన్ టెలికాం అప్పులు తీర్చలేకపోతే సిటీబ్యాంక్ (Citibank) ఆ నగరాన్ని కోర్టుకీడ్చింది.

మన మునిసిపాలిటీలు కుక్కల ఆపరేషన్లకే టెండర్లు సరిగ్గా పిలవలేవు. ఓఎల్‌టీ (ఇళ్ళకు ఫైబర్ సిగ్నల్ పంపే ఆఫీసు యంత్రం) కార్డు కాలిపోతే రాత్రికి రాత్రి మార్చే మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఫైల్ నడవాలి, కమిషనర్ సంతకం పెట్టాలి, ఆడిట్ అభ్యంతరం రావాలి. ఈలోగా జనం జియోకో ఎయిర్‌టెల్‌కో వెళ్ళిపోతారు. కేరళలో కే-ఫోన్ 2023 జూన్ 5న మొదలుపెట్టారు. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇస్తామన్నారు. మొదలయ్యే నాటికి అందులో ఎంతమందికి అందిందో చూడండి, మాటకూ చేతకూ దూరం తెలుస్తుంది.

చాటనూగా_చిన్నోడు

ప్రోవో సంగతి కాదనను. కానీ తేడా గమనించండి. ఈపీబీకి అప్పటికే లైన్‌మన్లు, బిల్లింగు, ఇరవైనాలుగు గంటల కంట్రోల్ రూమ్, దశాబ్దాల పేరు ఉన్నాయి. ఫైబర్ కరెంటు పనికి కూడా ఉపయోగపడింది కాబట్టి ఖర్చు మొత్తం నెట్ కస్టమర్ల నెత్తిన పడలేదు. ప్రోవో నెట్‌వర్క్ వేసి, సర్వీసు వేరే ప్రైవేటు కంపెనీలకు అప్పగించింది. అవి ఒకదాని వెంట ఒకటి చేతులెత్తేశాయి.

ప్రైవేటు అయితే రోడ్డుకు అన్యాయం జరగదనుకోకండి. కెంటకీలో లూయిస్‌విల్‌లో గూగుల్ ఫైబర్‌వాళ్ళు త్వరగా అయిపోవాలని తారులో రెండు అంగుళాల లోతున గాడి కోసి కేబుల్ పెట్టి రబ్బరు లాంటి పదార్థంతో పూడ్చారు. అది లేచి వచ్చేసి రోడ్ల మీద కేబుళ్ళు బయటపడ్డాయి. 2019 ఏప్రిల్‌లో ఊరే వదిలేసి పోయారు. రోడ్ల బాగు కోసం నగరానికి 38.4 లక్షల డాలర్లు కట్టారు. కట్టించుకునేలా ముందే ఒప్పందం రాసుకున్న నగరం కాబట్టి ఆ డబ్బు వచ్చింది.

స్ప్లైస్_గురు (బెంగళూరు)

అందరూ "నడపాలా వద్దా" అని కొట్టుకుంటున్నారు. మధ్యలో ఇంకో దారి ఉంది, అది స్ప్లిటర్ ఎక్కడ పెడతారన్నదాని మీద ఆధారపడుతుంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

మన దగ్గర ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఆఫీసులో ఉన్న ఓఎల్‌టీ నుంచి ఒక్క పోగు బయల్దేరుతుంది. వీధిలో ఒక చిన్న డబ్బాలో స్ప్లిటర్ ఆ వెలుగును ఎనిమిదిగానో పదహారుగానో చీలుస్తుంది, ముందు ఇంకో స్ప్లిటర్ ఉంటే 32, 64 ఇళ్ళు. కిందికి 2.5 గిగాబిట్లు, పైకి 1.25, దాన్నే ఆ ఇళ్ళన్నీ పంచుకుంటాయి. వేయడానికి చవక. కానీ ఆ స్ప్లిటర్ స్తంభం మీద కూర్చున్న క్షణం నుంచి ఆ వీధి ఒక కంపెనీకి బందీ. రెండో కంపెనీ రావాలంటే రెండో స్ప్లిటర్, రెండో కేబుల్, రెండో చుట్ట. శివారు_కాలనీ గారి వీధిలో ఐదు కేబుళ్ళు ఉండటానికి కారణం ఇదే.

అలా కాకుండా ప్రతి ఇంటి నుంచి ఒక పోగు నేరుగా వార్డులో ఒక గదికి తీసుకొస్తే? స్ప్లిటర్లు, ఓఎల్‌టీలు ఆ గదిలోనే, ఒక్కో కంపెనీకి ఒక్కో ర్యాకు. మీరు కంపెనీ మారాలనుకుంటే ఆ గదిలో ఒక ప్యాచ్ కార్డ్ (చిన్న ఫైబర్ ముక్క) ఈ ర్యాకు నుంచి తీసి ఆ ర్యాకులో గుచ్చుతారు. వీధిలో ఎవడూ స్తంభం ఎక్కక్కర్లేదు. పోగులు ఎక్కువ కావాలి నిజమే, కానీ కేబుల్లో గాజు ఖర్చు మొత్తంలో చిన్న భాగం. తవ్వడం, పూడ్చడం, పర్మిషన్లు, కూలీలు, డబ్బంతా అక్కడే పోతుంది.

స్టాక్‌హోమ్ నగరం 1994లో స్టోకాబ్ అని ఒక కంపెనీ పెట్టింది. అది వెలుగు లేని పోగు, అంటే డార్క్ ఫైబర్, మాత్రమే అద్దెకిస్తుంది. ఇంటర్నెట్ అమ్మదు, టీవీ అమ్మదు. కస్టమర్ల కోసం తన అద్దెదారులతో తనే పోటీ పడదు కాబట్టి ఆపరేటర్లకు దాని మీద అనుమానం ఉండదు. కేబుల్_అన్న అడిగిన "ఎవరికి జవాబు చెప్పాలి" అన్న ప్రశ్న అక్కడ పుట్టదు. పన్ను_కట్టేవాడు గారి ఓఎల్‌టీ కార్డు కాలిపోతే అది కంపెనీ తలనొప్పి, కమిషనర్‌ది కాదు. గాజు పోగుకు ఫైల్ నడిపే పని ఏళ్ళకోసారి కూడా రాదు, ఎవడో జేసీబీతో తెంపితే తప్ప.

సిక్కోలు_శీను (శ్రీకాకుళం)

అందరూ సిటీ గొడవే మాట్లాడుతున్నారు. మా జిల్లాకు ఫైబర్ మొదట చేరింది కరెంటు స్తంభాల మీదుగానే. భూమిలో వేస్తే వేల కోట్లవుతుందని, స్తంభాల మీద వేలాడదీస్తే 333 కోట్లతో 24 వేల కిలోమీటర్లు అయిపోతుందని ఏపీ ఫైబర్‌నెట్ మొదటి దశ అలా వేశారు. ఆ చవక వల్లే త్వరగా వచ్చింది, దాన్ని నేను తప్పుపట్టను. లేకపోతే మా ఊరివైపు ఎవడు చూస్తాడు?

కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరిచెట్లు పడిపోయాయి, వాటితో పాటు వేలకొద్దీ స్తంభాలు. స్తంభం పడితే దాని మీద ఉన్నవన్నీ పడతాయి. తుపాను రోజున ఫోను, నెట్ అన్నిటికన్నా ఎక్కువ కావాలి, అప్పుడే పోతాయి. విశాఖ హుద్‌హుద్ తుపాను దెబ్బ తిన్నాక అక్కడ ప్రపంచ బ్యాంకు సాయంతో కరెంటు తీగలు భూమిలోకి దించారు. ఆ కందకంలో పక్కనే ఒక ఖాళీ పైపు వేస్తే రేపు ఎవరికైనా పనికొస్తుంది. కోస్తాలో ఉండేవాళ్ళకు ఇది సోకు కాదు బాబూ.

ఎల్ఎండీ_గట్టు (కరీంనగర్)

శీను అన్నా, అదే పని మా దగ్గర మిషన్ భగీరథలో చేశారు. నీళ్ళ పైపు కోసం ఎలాగూ తవ్వుతున్నారు కదా, పక్కనే డక్టు వేసి తెలంగాణ ప్రభుత్వ నెట్‌వర్క్ టీ-ఫైబర్‌కు దారి చేశారు. 2024 డిసెంబరులో కొన్ని ఊళ్ళలో పైలట్‌గా ఇళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టారు, మా పక్క పెద్దపల్లి జిల్లాలో అడవి శ్రీరాంపూర్ అందులో ఒకటి. అప్పట్లో ఇరవై ఎంబీపీఎస్ నెలకు 300 అన్నారు.

అయితే ఒక సంగతి. నీళ్ళ పైపు వెళ్ళే దారి, నెట్ వెళ్ళాల్సిన దారి ఊరి దాకానే ఒకటి. ట్యాంకు దగ్గర నుంచి ఇంటి గుమ్మం దాకా మళ్ళీ మామూలు కథే. పైపు పగిలితే తవ్వేవాడికి పక్కన డక్టు ఉందన్న సంగతి తెలియదు. తెంపేసి మట్టి కప్పి పోతాడు.

రూల్‌బుక్_రాణి

దానికోసమే 2023 మార్చిలో కాల్ బిఫోర్ యూ డిగ్ అని యాప్ తెచ్చారు. తవ్వే ముందు అందులో చోటు పెడితే కింద ఎవరి ఆస్తులున్నాయో వాళ్ళకు సమాచారం వెళ్తుంది. అడగకుండా తవ్వడం వల్ల దేశంలో ఏటా పది లక్షల చోట్ల ఫైబర్ తెగుతోందని, మూడు వేల కోట్ల నష్టమని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. యాప్ ఉంది. గడ్డపార పట్టుకున్న మేస్త్రీ ఫోన్లో ఉందా అన్నదే ప్రశ్న.

ఫ్లాట్_504

నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని. వీధి సంగతి అలా ఉంచి గేటు లోపలికి రండి. మా బిల్డరు కట్టేటప్పుడే ఒక కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. షాఫ్టులో పైపు వాళ్ళదే. రెండో కంపెనీ వస్తానంటే "షాఫ్టు నిండిపోయింది" అంటాడు ఫెసిలిటీ మేనేజరు. తెరిచి చూస్తే సగం ఖాళీ! చివరికి ఆ రెండో కంపెనీ టెర్రస్ మీద నుంచి బయటి గోడకు వేలాడదీసింది. వాన పడితే ఆ కేబుల్ వెంట నీళ్ళు మూడో అంతస్తు బాల్కనీలోకి దిగుతున్నాయి. ఆవిడ రోజూ నాతో యుద్ధం.

మునిసిపాలిటీ వీధిలో ఎంత గొప్ప డక్టు వేసినా గేటు దగ్గర ఇలా ఆగిపోతే ఏం లాభం? బిల్డింగ్ ప్లాన్ పాస్ చేసేది మునిసిపాలిటీయే కదా. అక్కడే అడగొచ్చుగా?

రూల్‌బుక్_రాణి

కచ్చితంగా అడగొచ్చు. నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో మునిసిపాలిటీకి ఖర్చు లేకుండా చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. ప్లాన్‌లో లిఫ్టుకీ, ఫైర్ పైపుకీ చోటు చూపించినట్టే టెలికాంకు ఒక గది, ఒకరికి మించి సరిపోయే షాఫ్టు, వీధి నుంచి లోపలికి ఖాళీ పైపు చూపించాలని అడగాలి. లేకపోతే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే రెగ్యులేషన్ తెచ్చింది. కానీ అది స్వచ్ఛందం. నక్షత్రాలు బ్రోచర్లో వేసుకోవడానికి పనికొస్తాయి, బిల్డరు మెడ మీద కత్తి కాదు.

మీ బిల్డరు ఒప్పందం కాపీ అసోసియేషన్‌కు అప్పగించాడా? ముందు అది తీయించండి. కామన్ ఏరియా మీ అందరిదీ, ఒక కంపెనీకి శాశ్వతంగా రాసిచ్చే హక్కు అతనికి ఎక్కడ నుంచి వచ్చిందో అడగండి.

మోడరేటర్

ఏ ప్రభుత్వం హయాంలో ఫైబర్‌నెట్‌లో ఏం జరిగిందన్న మూడు పోస్టులు తీసేశాను. కోర్టుల్లో ఉన్న విషయాలు ఇక్కడ తేల్చొద్దు. బిల్డర్ల పేర్లు కూడా వద్దు.

పన్ను_కట్టేవాడు

స్ప్లైస్_గురు గారి పద్ధతి అయితే నాకు అభ్యంతరం సగం పోయింది. మిగతా సగం: అద్దె వసూలు. రూల్స్ ప్రకారం స్తంభానికి వంద రూపాయలే కదా. వెయ్యి స్తంభాలున్న వార్డులో నలుగురు ఆపరేటర్లంటే ఏడాదికి నాలుగు లక్షలు. దాంతో భూమిలో డక్టు వేయగలమా? వడ్డీకి కూడా రాదు. తవ్వకానికి పెట్టుబడి ఎవరు పెడతారో చెప్పకుండా స్టాక్‌హోమ్ అంటే ఎలా?

స్ప్లైస్_గురు

న్యాయమైన ప్రశ్న. ఆ వంద రూపాయలు ఉన్న స్తంభానికి కేబుల్ కట్టుకోవడానికి. మునిసిపాలిటీ తన డబ్బుతో వేసిన డక్టు, అందులో పోగు అద్దె వేరే సరుకు, దాన్ని ఒప్పందం మీద వాణిజ్య రేటుకే ఇవ్వాలి. డార్క్ ఫైబర్, డక్టులు అద్దెకిచ్చేవాళ్ళకు మన దగ్గర ఐపీ-1 అని రిజిస్ట్రేషన్ ఉండేది, ప్రైవేటు టవర్ కంపెనీలు అలా వచ్చినవే.

అయినా ఊరంతా ఒకేసారి తవ్వమని నేను అనను, అలా చేస్తే ప్రోవోనే. డ్రైనేజీకో, మంచినీళ్ళ పైపుకో, సీసీ రోడ్డుకో ఏ వీధి తెరిచినా మూసేలోపు రెండు ఖాళీ పైపులు, యాభై మీటర్లకో చాంబరు. కందకం ఖర్చు అప్పటికే వేరే పద్దులో ఉంది. పదేళ్ళకు ఊళ్ళో సగం వీధులు ఎలాగూ తవ్వుతారు, మనవాళ్ళు ఆ విషయంలో అస్సలు బద్ధకించరు. వేసింది ఎక్కడుందో మ్యాపులో ఎక్కించడం మాత్రం మానకూడదు. మ్యాపులో లేని డక్టు లేనట్టే.

కేబుల్_అన్న

దీనికి నేను సంతకం పెడతా. ఒక షరతు: పెద్ద కంపెనీకి ఇచ్చే రేటే నాకూ ఇవ్వాలి. బల్క్ డిస్కౌంట్ అని వాళ్ళకు పావలాకూ నాకు రూపాయికీ ఇస్తే ఏడాదిలో నా దుకాణం మూతే. ఇంటి గుమ్మం దాకా స్ప్లైసింగు, రిపేరు పని ఆ ఊరి ఆపరేటర్లకే ఇవ్వాలి. పోగు ఎవరిదైనా దాన్ని అతికించే చెయ్యి మాదే అయితే చాలు.

శివారు_కాలనీ

ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. మా వార్డులో వచ్చే నెల సీసీ రోడ్డు పని మొదలవుతుందంటున్నారు. కాలనీ తరపున కాగితం రాస్తున్నాను. ఇప్పటికి ఇందులో ఉన్నవి: రోడ్డు మూసేలోపు ఖాళీ పైపులు, చాంబర్లు, అవి ఏ ఆపరేటరుకైనా ఒకే రేటుకు, కొత్త అపార్ట్‌మెంట్లకు ప్లాన్‌లోనే టెలికాం షాఫ్టు. డక్టు వచ్చేలోపు స్తంభం మీద ఉన్నవాటి సంగతి ఏం రాయాలి? ఎల్‌సీ అన్నా, నువ్వే చెప్పు.

ఎల్‌సీ_తీసుకున్నా

మూడు రాయి అన్నా. ఒకటి, కేబుల్ చుట్టలు స్తంభం మీద వద్దు, మిగిలింది ఇంటి దగ్గర చుట్టుకోవాలి. రెండు, స్టీలు తీగ ఉన్న డ్రాప్ కేబుల్ బదులు లోహం లేనిది వాడాలి, దొరుకుతుంది, కొంచెం ఖరీదు ఎక్కువ. మూడు, ప్రతి కేబుల్‌కూ ప్రతి స్తంభం దగ్గరా ఎవరిదో, ఏ ఏడు వేశారో ట్యాగు. ట్యాగు లేనిది మేం అడక్కుండానే కోసేస్తాం అని కూడా రాయి. ట్యాగు మాత్రం అల్యూమినియం రేకు మీద అక్షరాలు గుద్దించమను. ప్లాస్టిక్‌వి రెండు ఎండాకాలాలకే తెల్లబడిపోతాయి, పైకెక్కినా చదవలేం.